నూనె రాసిన బోల్టులు

పొయ్యి మీద టీ పొంగుకొస్తుంటే జల్లెడ కనిపించలేదు. టైలరమ్మ వంటింట్లో వెతకలేదు. ఏడాదిగా ఆ ఇంట్లో ఏది కనిపించకపోయినా వెతకాల్సింది వంటిల్లు కాదు, పక్కనున్న షెడ్డు. మంట తగ్గించి, పెరటి తలుపు తీసి, నాలుగడుగులు వేసి తొంగి చూసింది. జల్లెడ అక్కడే ఉంది. ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి పెట్రోలు వడపోస్తూ నిక్షేపంలా ఉంది.

“ఏమే, అది టీ జల్లెడే!”

“తెలుసమ్మా. ట్యాంకులో తుప్పుంది. ఇంత సన్న జల్లెడ ఇంకోటి దొరకలేదు,” అంది కూతురు తలెత్తకుండానే.

“మొన్న గుడ్లు ఉడకేసే గిన్నెలో చెయిను ఉడకేశావు. నిన్న నా పళ్లెంలో బోల్టులు నానబెట్టావు. ఇవాళ జల్లెడ. రేపు నన్ను కూడా కిరసనాయిల్లో ముంచి బ్రష్షుతో తోముతావా?”

“నీకు తుప్పు పట్టలేదుగా.”

“పట్టిస్తున్నారుగా, తండ్రీ కూతురూ కలిసి!”

ఆ మాట తన చెవికి తప్ప ఇంకెవరికీ వినపడలేదని టైలరమ్మకి తెలుసు. ముందు గదిలో మోటారు మిషను పెట్టుకుని, వీధిలోని పిల్లలందరికీ స్కూలు యూనిఫారాలు కుట్టే మనిషి ఆవిడ. ఇంటాయన ముప్పై ఏళ్లు అదే షెడ్డులో మోటారు సైకిళ్లు బాగుచేసి మేస్త్రీ అనిపించుకున్నాడు. కూతురికి నడక రాకముందే చేతిలో పానా పెట్టాడు. ఆ పిల్లని వీధివాళ్లు ఇప్పటికీ పానా అనే పిలుస్తారు. ముప్పై రెండేళ్లొచ్చాయి, పెద్ద సర్వీసు సెంటరులో పది మంది మీద పెత్తనం చేస్తుంది, అయినా పానా పానాయే.

ఇప్పుడు షెడ్డులో నిలబడి ఉన్నది మేస్త్రీ సొంత బండి. కూతురికంటే వయసులో పెద్దది. పధ్నాలుగు నెలల కిందట ఒక వాన మధ్యాహ్నం అది మా వీధి మలుపులోనే జారి ఆయన ఎడమ కాలి మీద పడింది. చీలమండ మూడు ముక్కలైంది. డాక్టర్లు కడ్డీలు వేసి, మరలు బిగించి ముక్కలు అతికించారు గానీ, పాదం మాత్రం పైకి లేవనంది. చేతికర్ర పట్టుకుని ఇంట్లో తిరుగుతాడు. గేరు వెయ్యాల్సింది ఆ పాదమే కాబట్టి బండి మాట ముగిసిపోయిందని టైలరమ్మ అనుకుంది. లోలోపల హాయిగా ఊపిరి కూడా పీల్చుకుంది.

కూతురు ముగియనిస్తేగా! కాలు వెయ్యలేని గేరు చెయ్యి వేస్తుందని పంతం పట్టింది. బండిని ఆఖరి బోల్టుదాకా విప్పేసింది. ఇంజను కొత్తగా కట్టింది, ఫ్రేముకి నల్ల రంగు వేసింది, హ్యాండిలు రెండంగుళాలు ఎత్తు పెంచింది. పొడుగు సీటు తీసేసి తండ్రి ఒక్కడికి సరిపోయే పొట్టి సీటు పెట్టింది. అన్నిటికంటే గొప్పది, ట్యాంకు పక్కన ఎడమవైపు నిలువుగా ఒక ఇనప కడ్డీ. దాని మీదే క్లచ్ పిడి. పిడి నొక్కి కడ్డీని ముందుకో వెనక్కో తోస్తే గేరు పడుతుంది. సర్వీసు సెంటరులో కుర్రకారంతా ఫొటోలు తీసుకున్నారని రెండ్రోజులు చెప్పుకుంది.

అసలు చెప్పుకోని సంగతి ఒకటుంది. ఆ వాన మధ్యాహ్నం మేస్త్రీ బయటికి వెళ్లింది కూతురు కోసం. ఎవరిదో బండి సాయంత్రానికల్లా ఇవ్వాలి, క్లచ్ కేబులు తేవడం పిల్ల మర్చిపోయింది, నేను తెస్తాలే అని ఆయన బయల్దేరాడు. ఆస్పత్రిలో గానీ ఇంట్లో గానీ ఎవరూ ఆ కేబులు పేరెత్తలేదు. పధ్నాలుగు నెలలుగా ఆ ఒక్క మాట చుట్టూ ముగ్గురూ పక్కకి జరిగి నడుస్తున్నారు.

“అమ్మా!” షెడ్డులోంచి గావుకేక వినిపించింది. “పిన్ను మళ్లీ లేదు!”

“ఏ పిన్ను?”

“గేరు కడ్డీకి కింద ఉండేది. సోమవారం పోయింది, కొత్తది చేసి పెట్టాను. ఇవాళ అదీ లేదు. నువ్వేమన్నా ఊడ్చావా?”

“నీ షెడ్డులో చీపురు పెట్టి ఆర్నెల్లయింది. నన్నడగకు.”

“మరి కాళ్లొచ్చి నడిచిపోయిందా? ఆదివారం ఎనిమిదింటికి వాచీల బాబాయి వాళ్లొస్తున్నారు. నాన్న బండి నడుపుకుంటూ వస్తాడని నలుగురికీ చెప్పాను. ఇవాళ గురువారం!”

కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్న మేస్త్రీ ఒక పేజీ తిప్పాడు. వాచీల షాపాయన, ఆయన జట్టు, మేస్త్రీతో కలిసి ఇరవై ఏళ్లు ఆదివారాలు బండ్లేసుకుని తిరిగినవాళ్లు. వాళ్లని పిలవమని ఆయన అడిగాడో లేదో టైలరమ్మకి గుర్తులేదు. ఆ పిల్ల ఆయన్ని అడిగిందో లేదో అంతకన్నా గుర్తులేదు.

కూతురు గొణుక్కుంటూ డ్యూటీకి వెళ్లిపోయింది. ఇరవై నిక్కర్లకి జేబులు కుట్టాల్సిన పని పక్కన పెట్టి, పళ్లెం తెచ్చుకుందామని టైలరమ్మ షెడ్డులోకి వెళ్లింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

మేస్త్రీ పొట్టి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చేతికర్ర గోడకి ఆనించి ఉంది. కళ్లజోడు ముక్కు చివరికి జారింది. స్క్రూ డ్రైవరు పట్టుకుని కడ్డీ కిందున్న క్లచ్ కేబులు బిగింపుని నింపాదిగా విప్పుతున్నాడు. విప్పిన బోల్టుని కంటి దగ్గర పెట్టుకుని చూసి, డబ్బాలో వేలు ముంచి నూనె రాసి, మోకాలి మీద పరిచిన నీలం గుడ్డపీలికలో పెట్టాడు. ఆ పీలిక నిన్న ఆవిడ కత్తిరించి పారేసిన యూనిఫారం ముక్క. విప్పిన బోల్టుకి నూనె రాయకుండా పక్కన పెట్టడం ఆయన చేతుల వల్ల కాదు. పెళ్లైన కొత్తలో కిటికీ గడియ మార్చినా పాత మరలకి నూనె రాసి గుడ్డలో చుట్టి దాచాడు. ఆ అలవాటు చూసి అప్పట్లో ఆవిడ ముచ్చటపడింది కూడా.

“ఏమండీ! ఏం చేస్తున్నారు?”

ఆయన చెయ్యి ఆగింది. దొరికిపోయిన దొంగ ముఖం కాదు, తప్పిపోయిన పిల్లాడి ముఖం పెట్టాడు.

“గట్టిగా అనకు.”

“ఎవరున్నారని వినడానికి? అది అక్కడ పిన్ను పిన్ను అని నా ప్రాణం తోడేస్తోంది. తీసింది మీరా?”

“ఆదివారానికి అవ్వకూడదు.”

“ఎందుకు?”

ఆయన గుడ్డపీలిక మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టాడు. “ఎక్కాలంటే భయంగా ఉంది,” అన్నాడు చివరికి.

ముప్పై ఐదేళ్ల కాపురంలో ఆ మనిషి నోట భయం అన్న మాట వినలేదు. బండి కింద నలిగి అంబులెన్సు ఎక్కుతున్నప్పుడు కూడా ‘పొయ్యి ఆపి రా’ అన్నాడే తప్ప భయం అనలేదు.

“ఆ మాట దానితో చెప్పొచ్చుగా. నోట్లో నాలుక లేదా?”

“ఎలా చెప్పను? ఏడాది నుంచి అది సెలవనేదే లేకుండా దీని మీద పడి చేస్తోంది. ఎందుకు చేస్తోందో నీకు తెలీదా? నేను ఎక్కలేనంటే దాని ముఖం ఎలా ఉంటుందో నేను చూడలేను. బండి పూర్తికాకుండా ఉన్నన్నాళ్లూ ఎవరూ ఏమీ అనక్కర్లేదు. రేపో మాపో అయిపోతుందిలే అనుకుంటూ ఉండొచ్చు.”

“అలా ఎన్నాళ్లు విప్పుతారు?”

“అది బిగించినన్నాళ్లు.”

ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకరు బిగించడం, ఒకరు విప్పడం, మధ్యలో పోతున్నవి తన పళ్లేలూ గిన్నెలూ! ఇద్దరికిద్దరూ మొండిఘటాలే, ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం, ఇద్దరికీ మాత్రం నోరు పెగలదు. చెప్పనని మాటివ్వమన్నాడు మేస్త్రీ. ఒళ్లు మండుతున్నా మాటిచ్చింది. ఇచ్చి తన గదిలోకి వచ్చి నిక్కరు జేబు తలకిందులుగా కుట్టింది.

శుక్రవారం కూతురు చకచకా అన్నీ మళ్లీ బిగించేసింది. శనివారం సెలవు పెట్టి మరీ పొద్దున ఏడింటికే షెడ్డు తలుపు తీసింది. అయిదు నిమిషాలు కాకుండానే తలుపు ధడేలుమంది.

“కార్బొరేటరు కింద గిన్నె లేదు! నిన్న సాయంత్రం నా చేత్తో బిగించాను. అది రాలిపడే సామాను కాదు. ఎవరో కావాలని విప్పారు!”

మేస్త్రీ పేపరు ముఖానికి అడ్డంగా పైకి లేచింది. టైలరమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ దారం వంకే చూసింది.

“నీ మిషను స్క్రూ డ్రైవరు ఏదమ్మా? చిన్నది?” అంటూ కూతురు మిషను సొరుగు లాగింది. లాగి, అలాగే నిలబడిపోయింది. సొరుగు అడుగున నీలం గుడ్డ మూట ఉంది. మూడు ముడులు వేసి ఉంది. విప్పి చూస్తే ఇత్తడి గిన్నె, దాని మరలు, గురువారం పోయిన పిన్ను.

టైలరమ్మ మూట వంక చూసింది. దాచడానికి ఇంత ఇల్లుండగా, ఇంత పెరడుండగా, ఈ మహానుభావుడికి తన సొరుగే దొరికిందా!

“అమ్మా, ఏంటిది?”

పేపరు కదల్లేదు. టైలరమ్మ పేపరు వైపు చూసింది. ఇప్పుడైనా నోరు విప్పుతాడేమోనని ఊపిరి బిగబట్టి చూసింది. విప్పలేదు.

“నేనే తీశాను,” అంది.

“నువ్వా? దేంతో?”

“కత్తెరతో.”

“కత్తెరతో ఎవరైనా మర విప్పుతారా? ఎన్ని మరలున్నాయి?”

“రెండు... రెండో మూడో. లెక్కపెట్టడానికి నాకేం పనా? తీశాను. తియ్యాలనిపించింది. నా జల్లెడ తీసుకున్నప్పుడు నేనేమన్నా లెక్కలడిగానా?”

“జల్లెడ!” కూతురి గొంతు పలిగింది. “ఏడాది, అమ్మా! పొద్దున అయిదింటికి లేచి, డ్యూటీ నుంచి వచ్చి, చేతులు కాల్చుకుని చేశాను. నాన్న మళ్లీ బండెక్కాలని. నువ్వేమో జల్లెడ కోసం... కాదులే, జల్లెడ కోసం కాదు. నాకు తెలుసు. నాన్న కుర్చీలో పడి ఉంటేనే నీకు హాయి. ఎక్కడికీ వెళ్లకుండా, నీ కళ్లముందే, నీ మిషను పక్కనే. నీకు నాన్న కుంటివాడిగానే కావాలి!”

టైలరమ్మ చేతిలో దారం సూదిలోంచి జారిపోయింది. ఆ పిల్ల అన్నది అబద్ధమైతే ఇంత బాధ కలిగేది కాదు. అందులో ఒక పిసరు నిజం ఉంది. ఆయన ఇంటిపట్టునే ఉంటాడని ఊపిరి పీల్చుకున్న మాట నిజమే. ఆవిడ కళ్లు నిండాయి. తుడుచుకోవడానికి చేతిలో ఉన్న నిక్కరే ఎత్తింది.

కూతురు విసురుగా మరల్ని గుప్పిట్లోకి తీసుకుంది. తీసుకుని ఆగింది. బొటనవేలితో చూపుడువేలు రుద్దింది. గుప్పిట తెరిచి చూసింది. నాలుగు మరలు, నాలుగింటికీ పల్చగా నూనె. ఒక్కటి కూడా పొడిగా లేదు. పిన్నుకీ నూనె ఉంది. ఆ నూనె ఎవరి వేలిదో ఆ పిల్లకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నూనె రాయకుండా బోల్టు పక్కన పెట్టినందుకు ఎనిమిదేళ్ల వయసులో మొట్టికాయ తిన్నది తనే.

“నాన్నా,” అంది మెల్లగా.

పేపరు కిందికి దిగింది.

“నువ్వా?”

మేస్త్రీ చేతికర్ర కోసం తడుముకున్నాడు. లేచి నిలబడ్డాడు గానీ నాలుగడుగులు నడిచి రాలేకపోయాడు. “మీ అమ్మననకు. పాపం దానికి కార్బొరేటరు ఎక్కడుంటుందో కూడా తెలీదు.”

“ఎందుకు నాన్నా?”

“నువ్వు ఆ కడ్డీ బిగించిన మర్నాడు ఎక్కాను. నువ్వు డ్యూటీకి వెళ్లావు. స్టార్టు చెయ్యలేదు, ఊరికే స్టాండు తీసి కూర్చుందామని. కడ్డీ మీద చెయ్యి వేశానో లేదో బండి ఎడమకి వాలింది. కాలు ఆనించాను. అది ఆగలేదే. నేల తగిలిందో లేదో కూడా తెలియలేదు. బండీ నేనూ వెళ్లి గోడకి ఆనుకున్నాం. పడలేదు, అలాగని లేవలేకపోయాను. అరగంట అలాగే ఉన్నాను.”

“అరగంటా!” అంది టైలరమ్మ. “నేను ఇక్కడే ఉన్నానుగా! ఒక్క కేక వెయ్యకూడదా?”

“వేశాను,” అని ఆయన ఆవిడ ముందున్న మిషను వైపు చూశాడు. “కుడుతున్నావు.”

టైలరమ్మకి ఆ రోజు గుర్తొచ్చింది. ఆయన మోచేయి గీసుకుపోయి ఉంటే ఏమైందని అడిగింది. తలుపు గడియ తగిలిందన్నాడు. మందు రాస్తూ చూసుకుని నడవకూడదా అని విసుక్కుంది. రోజంతా ఏ మిషను పక్కన ఆయన్ని కూర్చోబెట్టుకుని ధీమాగా ఉందో, ఆ మిషను మోతలోనే ఆయన పిలుపు పోయింది.

“ఎలా బయటపడ్డావు?” అని అడిగింది కూతురు.

“కిటికీ ఊచ పట్టుకుని. అప్పటినుంచి దాని పక్కకి వెళ్తే ఒళ్లు చల్లబడుతోంది. ఆగాల్సిన ప్రతిచోటా ఆ కాలే కదా ఆనాలి?”

“నాకు చెప్పొచ్చుగా! ఆరోజే చెప్పొచ్చుగా!”

“నువ్వు ఒక్కో బోల్టు బిగిస్తుంటే బండి బాగుచేస్తున్నట్టు అనిపించలేదే నాకు. నా కాలికి కట్టు కడుతున్నట్టుండేది. నేను ఎక్కలేనంటే నువ్వేమనుకుంటావు? నా వల్లే నాన్న కాలు పోయింది, ఇంక రాదు అని...”

“నా వల్లే కదా!” పిల్ల ఒక్కసారిగా అరిచింది. “కేబులు నేను మర్చిపోబట్టే కదా వెళ్లావు! అందరికీ తెలుసు. ఎవరూ అనరు. అనకుండా ఉంటే ఇంకా చచ్చిపోవాలనిపిస్తుంది నాకు!”

పధ్నాలుగు నెలల తర్వాత ఆ ఇంట్లో కేబులు అన్న మాట బయటపడింది. కూతురు మరలు గుప్పిట్లో పట్టుకునే నేల మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. మేస్త్రీ కర్ర ఊతంగా వచ్చి, కిందికి వంగలేక, మిషను బల్ల అంచు మీద కూర్చుని పిల్ల తల మీద చెయ్యి వేశాడు.

“విను. ఆ షాపతను స్టూలు వేసి కూర్చోమన్నాడు. వాన తగ్గేదాకా ఆగండి మేస్త్రీ అన్నాడు. నేనే ఆగలేదు. నీ కేబులు కోసం కాదు తొందర. వానలో బండి తోలడం నాకు సరదా. చిన్నప్పట్నుంచీ సరదా. ఆ మలుపులో ఎంత నెమ్మదిగా వెళ్లాలో నాకు తెలుసు. వెళ్లలేదు. అంతే జరిగింది.”

“నిజంగానా?”

“మీ అమ్మనడుగు, నా వాన సరదా సంగతి.”

అప్పటిదాకా నిక్కరుతో ముఖం తుడుచుకుంటున్న టైలరమ్మకి ఆ మాటతో ఎక్కడలేని కోపం తన్నుకొచ్చింది.

“ఆ సరదా నాకు తెలీదా? పెళ్లైన వారానికే నన్నెక్కించుకుని నిలువునా తడిపి, జలుబు చేయించి తెచ్చారు! పధ్నాలుగు నెలలు ఈ మాట నోట్లో పెట్టుకుని కూర్చున్నారా? పిల్ల అక్కడ కుళ్లి కుళ్లి ఏడుస్తుంటే పేపరు చదివారా? నువ్వూ అంతే! నాన్నా, నీకు ఎక్కాలనుందా అని ఒక్కసారి అడిగావా? కడ్డీ కొలత తీశావు, సీటు కొలత తీశావు, చెయ్యి కొలత తీశావు. ఆ మనిషిని అడగడానికి మాత్రం నీకు తీరిక లేదు. కొలతలు తీసుకోవడం నాకూ వచ్చు, కానీ ఎదుటివాళ్లకి గౌను కావాలో నిక్కరు కావాలో అడిగి మరీ తీసుకుంటాను!”

తండ్రీ కూతురూ తలలు వంచుకున్నారు. ఇద్దరి తలలూ ఒకే వైపుకి వంగాయి. అది చూసి ఆవిడ కోపం సగం చల్లారింది.

“అమ్మా, ఇందాక నేనన్న మాట...”

“అన్నావు, విన్నాను. కాస్త నిజం లేకపోలేదు. ఇప్పుడు లేచి టీ పెట్టు. జల్లెడ కడిగి మరీ పెట్టు. రెండుసార్లు, సబ్బుతో.”

టీలో పెట్రోలు వాసన వచ్చింది. ముగ్గురూ మారుమాట్లాడకుండా తాగారు.

“మరి బండి ఏం చేద్దాం నాన్నా? అమ్మేద్దామా?” అంది కూతురు. ఈసారి అడిగి, ఊరుకుని, జవాబు కోసం ఆగింది.

మేస్త్రీ గ్లాసులోకి చూస్తూ ఆలోచించాడు. “తోలాలని లేదు. వెళ్లాలని మాత్రం ఉంది. ముఖానికి గాలి తగిలి ఎన్నాళ్లయిందో. నువ్వు తోలు. నేను వెనక కూర్చుంటాను.”

కూతురి ముఖం ఒక్క క్షణం వెలిగి, అంతలోనే వాడిపోయింది. “వెనక సీటేదీ? తీసేశానుగా. పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యమని అమ్మకి ఇచ్చాను.”

ఇద్దరూ ఆవిడ వైపు చూశారు. టైలరమ్మ గ్లాసు కింద పెట్టి పడగ్గదిలోకి వెళ్లింది. మంచం కిందనుంచి ఏదో బరబర ఈడ్చిన చప్పుడైంది. పాత దుప్పటిలో చుట్టిన పొడుగాటి మూట ఒకటి ఎత్తుకొచ్చి ఇద్దరి మధ్యా దబ్బున పడేసింది. దుప్పటి జారితే గోధుమరంగు రెక్సిను సీటు బయటపడింది. అంచు పొడుగునా రెండు వరసల కుట్టు. ఆ కుట్టు ఆవిడదే. పెళ్లైన ఏడాదికి కుట్టింది. ఆ మందం కుట్టడానికి మూడు సూదులు విరగ్గొట్టుకుంది.

“ఇచ్చెయ్యలేదా?” అన్నాడు మేస్త్రీ నోరు తెరిచి.

“మీరిద్దరూ నన్నడిగి తీశారా, నేను మిమ్మల్నడిగి దాచుకోవడానికి?”

ఆ రోజంతా షెడ్డులో పని సాగింది. ఇనప కడ్డీ ఊడింది. క్లచ్ పిడి హ్యాండిలు మీదకి, గేరు కాలి కిందకి తిరిగొచ్చాయి. పొడుగు సీటు రంధ్రాలు కొత్త ఫ్రేముకి కలవకపోతే కూతురు రెండు పట్టీలు వెల్డింగు చేసింది. ఏడాది పని ఒక్క పూటలో ఊడదీస్తున్నందుకు అప్పుడప్పుడూ నిట్టూర్చింది. మేస్త్రీ స్టూలు మీద కూర్చుని ఊడిన ప్రతి బోల్టుకీ నూనె రాసి నీలం పీలికలో పెట్టాడు. ఈసారి దాచలేదు. టైలరమ్మ క్యాన్వాసు గుడ్డతో వెడల్పాటి పట్టీ కుట్టింది, వెనక కూర్చున్నప్పుడు ఎడమ పాదం మెట్టు మీంచి జారిపోకుండా. పాదం కొలత తీసుకునే ముందు బిగుతుగా కావాలా వదులుగా కావాలా అని అడిగింది.

సాయంత్రం ఇంకో పని కూడా చేసింది. ఎవరి సాయం అడక్కుండా మిషనుని ముందు గదిలోంచి ఈడ్చుకుంటూ తెచ్చి షెడ్డు వైపు కిటికీ కింద పెట్టుకుంది. వెలుతురు బాగుంటుందని చెప్పింది. ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యలేదు.

ఆదివారం ఎనిమిదింటికి నాలుగు బండ్లు వీధిలో వచ్చి ఆగాయి. వాచీల షాపాయన హెల్మెట్ తీసి, మేస్త్రీ కూతురి వెనక ఎక్కడం చూసి ఏదో అనబోయాడు. టైలరమ్మ చూసిన చూపుకి నోరు మూసుకుని మళ్లీ హెల్మెట్ పెట్టుకున్నాడు. మేస్త్రీ కుడివైపు నుంచి ఎక్కి, ఎడమ పాదం పట్టీలోకి దూర్చి, రెండు చేతులూ కూతురి భుజాల మీద వేశాడు. కర్ర భార్యకిచ్చాడు. ఒక్క తన్నుకే ఇంజను అందుకుంది.

“క్లచ్ మెల్లిగా వదులు,” అన్నాడు.

“తెలుసు నాన్నా.”

“మెల్లిగా అంటే ఇంకా మెల్లిగా. ఆ సైకిలాయన్ని పోనీ ముందు.”

“నాన్నా, వెనక కూర్చున్నవాళ్లు మాట్లాడకూడదు!”

“నీకు నేర్పిందెవరే?”

వాదించుకుంటూనే ఇద్దరూ వీధి దాటారు. కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ టైలరమ్మకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. లోపలికొచ్చి కిటికీ కింద మిషను ముందు కూర్చుంది. ఇంకా పన్నెండు నిక్కర్లు ఉన్నాయి. రేపు పొద్దునకల్లా ఇవ్వాలి. గుడ్డ సర్ది, సూది దింపి, పెడలు మీద కాలు పెట్టి, తీసేసింది.

రెండు గంటలు అలాగే కూర్చుంది. మిషను నడపలేదు. వీధి మలుపులో ఆ బండి చప్పుడు మళ్లీ వినిపించి, దాని మీదుగా ఆయన ‘బ్రేకు, బ్రేకు’ అని అరవడం చెవిన పడ్డాక, కళ్లు తుడుచుకుని మిషను స్విచ్చు వేసింది.